అంకణాల లెక్క

ముప్పై ఒక్క ఏళ్లు ప్లాన్లు గీశాను.
వేదాయపాళెంలో ఈ కాలనీ తొలి ఇల్లు
నా ట్రేసింగు కాగితం మీదే లేచింది:
ఎనభై అంకణాల్లో ఒకే ఒక్క కాపురం,
వీధిలో ఎవరికీ కారు లేని రోజుల్లో
కారుకో గది.

నిన్న పార్కు రేకుల షెడ్డులో మీటింగు.
పదహారో నంబరు స్థలంలో పెంచలరత్నమ్మ
ఆరు వాటాలు వేస్తుందట,
మేడ మీద ఒంటిగదులు,
వెనక సందులోంచి మెట్లు.
"మనది ఇండ్ల కాలనీ అబ్బయ్యా, సత్రం గాదు"
అన్నాడు దశరథరామిరెడ్డి.
నీళ్లు చాలవన్నారు. బండ్లు ఎక్కడ పెడతారన్నారు.
ఆ రెండూ నిజమే.
"ఎవురెవురో వస్తారు" అన్నప్పుడు మాత్రం
అందరి గొంతులూ కాస్త తగ్గాయి.

నా దస్తూరి బాగుంటుందని
అర్జీ నాచేతే రాయించారు.
రాశాను. మొదటి సంతకం నాదే.

టీ కప్పులు పంచుతూ కుర్రాడు
"ఆడ ఒక్క గది బాడుగకు దొరుకుతాదా సార్,
రోజూ అల్లూరు నుంచి వస్తుండా" అన్నాడు.
చక్కెర తక్కువైందని ఎవరో అన్నారు.

రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను, పాత అలవాటు.
మా ఆవిడకు పొద్దున్నే సూది వేసే షాహీనా
బుచ్చి నుంచి తొలి బస్సు.
కాలవ తూములు ఎత్తే మస్తానయ్య
కోవూరు నుంచి సైకిలు.
దశరథరామిరెడ్డి ఇంట్లో గదులు ఐదు, మూడింటికి తాళం,
ఒకదాంట్లో విరిగిన సోఫా, ఒకదాంట్లో ఖాళీ డ్రమ్ములు.
మూడోదాంట్లో ఏముందో ఆయనకే గుర్తులేదు.

ఉదయగిరి నుంచి టీ-స్క్వేరు చంకన పెట్టుకుని
నేను దిగింది స్టోన్‌హౌస్‌పేటలో,
బియ్యం మండీ వాళ్ల వెనక గదిలో.
ఆరు అంకణాలు. కాళ్లు చాపితే తలుపు తగిలేది.
దోమతెర కట్టడానికి నాలుగో మేకుకు గోడ లేదు,
కిటికీ చువ్వకు కట్టేవాణ్ణి.
"ఎవుర్రా ఈ పిలకాయి" అని వీధి అడిగితే
మండీ ఆవిడ చేట దించకుండానే
"మా వెనకింటబ్బాయిలే" అంది.
అంతే. మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇవాళ ఎనిమిదింటికి రత్నమ్మే వచ్చింది,
చేతిలో చుట్టిన కాగితం, నోట్లో వక్క.
"సందు మూడడుగులేనంట, మెట్లు పట్టవంటుండారు.
మీరైతే ఏందైనా చేస్తారని."

కాగితం బల్ల మీద పరిచాను,
అంచులు చుట్టుకోకుండా సూదుల డబ్బా ఒక మూల,
మందుల డబ్బా ఇంకో మూల.
పెన్సిలు చెక్కడానికి చాలాసేపు పట్టింది.
"మెట్లు వెనక వద్దమ్మా" అన్నాను,
"ముందుకు తెద్దాం. గేటు పక్కన.
ఎక్కేవాళ్లు వీధికి కనపడతారు."

ఆమె తల ఊపింది, ఖర్చు పెరుగుతుందా అని అడిగింది.
కొంచెం, అన్నాను.
అర్జీ సంగతి ఇంకా చెప్పలేదు.