రాసింది నేనే

రేపల్లె పాసింజరు గుంటూర్లో ఆగేసరికి
ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ముసలాళ్ళు
సావధాన్‌లో నిలబడి ఉన్నారు.
ఏసోబుకి పొట్ట వచ్చింది.
సుబ్బారాయుడికి జుట్టు పోయింది.
నన్ను పేరుపెట్టి పిలవలేదు ఎవరూ,
"నంబర్ త్రీ!" అని అరిచారు
టీ కొట్టువాడు ఉలిక్కిపడి పాలు పొంగబెట్టుకునేట్టు.

తోపు దగ్గర మాకు పేర్లుండేవి కావు.
గురి చూసేవాణ్ణి నేను, మూడు.
గుండు అందించేవాడు సైదులు, అయిదు.
విడిపోయి నలభై మూడేళ్ళు.
అంకెలు అరగలేదు, మోకాళ్ళు అరిగాయి.

ఆటోలో సంగడిగుంట వైపు.
ముందు మిరప టిక్కీల లారీ.
ముగ్గురం ఒకటే తుమ్ములు.
"ఊరికి కొత్తా, తాతా?" అన్నాడు ఆటో కుర్రాడు.
ఏసోబు పుట్టింది కొత్తపేటలోనే.
వాడేం చెప్పలేదు, ముక్కు తుడుచుకున్నాడు.

సైదులు గుమ్మంలోనే ఉన్నాడు, బనీను మీద.
సెల్యూట్ కొట్టబోతే చెయ్యి భుజం దాటి లేవక
సగంలో నమస్కారంగా మార్చేశాడు.
కుడిచెవి అప్పుడే పోయింది, తోపు పక్కన.
ఎడమది పోయినేడు.
ఇప్పుడు మనం అడిగిందానికి కాక
తనకి తోచినదానికి బదులిస్తాడు.
"మోకాలెట్లా ఉందిరా?" అంటే
"ఆ కంచరగాడిదా? ద్రాస్‌లోనే వదిలేశాం గదా" అన్నాడు.
నవ్వాం.
అవును, వదిలేశాం. దాని పేరు మోతీ.

కాశింబీ తలకూర వడ్డిస్తూ నా దగ్గర ఆగింది.
"మీరేనా అన్నా, ఆ ఉత్తరాలు రాసింది?"

సైదులు అయిదో తరగతి మధ్యలో పలక పడేసి
వాళ్ళ నాయనతో దూది ఏకబోయినవాడు.
ఆదివారాలు బంకర్లో, కొవ్వొత్తి పక్కన,
వాడు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి.
"నేనేనమ్మా."

ఆమె గరిటె వైపు చూస్తూ అంది:
"మనియార్డరు అందిందా, మేక ఈనిందా,
శెట్టిగారి బాకీ ఎంత మిగిలింది...
అవి ఈయన మాటలు. మాకు మేకే లేదు,
అయినా మతిమరుపులే పాపం అనుకునేదాన్ని.
మధ్యమధ్యలో మీరు కలిపేవారు చూడండి సొంతంగా,
'ఇక్కడ పడే మంచంతా మా నాయన ఏకి వదిలిన దూదే,
పోగుచేసి నీకో పరుపు కుట్టి పంపలేక చస్తన్నా' అనీ...
పరాయి మగాడి మాటలు గదా.
అక్కడికి రాగానే కాయితం మడిచేసేదాన్ని."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.
గురి తప్పడని పేరున్నవాణ్ణి నేను.

"మేక నాదమ్మా. బాకీ నాది.
చెప్పి చెప్పి వాడు గొంతు పట్టేసి ఆగిపోతే
ఖాళీ ఉంచకూడదని మా ఇంటి ఉత్తరంలోంచి తెచ్చి కలిపినవి.
మంచు వాడిది. పరుపు వాడిది.
గబగబా చెబుతుంటే అందుకోలేక
సగం వదిలేశాను కూడా."

ఆమె సైదులు వైపు తిరిగింది.
వాడు ఏసోబుకి, వీధి వీధంతా వినేట్టు,
పేలి చల్లారుతున్న గొట్టం మీద
చేతులెట్లా కాచుకునేవాళ్ళమో చెబుతున్నాడు.
మా చూపులు తగిలి ఆగాడు.
"ఏంటి? ఏమంటోంది?"
"కూర బాగుందంటున్నాం!" అని కేకేశాడు సుబ్బారాయుడు.
"మాఘంలోనే," అన్నాడు సైదులు తృప్తిగా.

కాశింబీ గరిటె గిన్నెలో వదిలేసి
లోపలి గదిలోకి వెళ్ళింది.
ట్రంకుపెట్టె గొళ్ళెం లాగిన చప్పుడు
వాడికొక్కడికి తప్ప అందరికీ వినపడింది.

నేను తినడం ఆపానని గమనించినట్టున్నాడు.
అయిదో నంబరు, పాత అలవాటున,
నా కంచంలోకి ఇంకో ముక్క అందించాడు.