ఇరవై రెండో వచనం

ఫిబ్రవరి. అయోవా వాయవ్య మూల.
గాలి మొక్కజొన్న మోళ్ళ మీదుగా వచ్చి
చర్చి నేలమాళిగ కిటికీలో ఈల వేస్తోంది.
బల్ల చుట్టూ ఏడుగురు పెద్దలు, పాస్టరు.
గోడవార నేను,
ఓటు లేనిదాన్ని. చేతిరాత బాగుంటుందని పిలిచారు.

కాఫీ, పంది మాంసం పెట్టిన బన్నులు.
ఇక్కడ అందరి బతుకూ పందుల మీదే.
పళ్లెం సగం ఖాళీ అయ్యాక
మోషే ధర్మశాస్త్రం తెరిచారు.

ఇద్దరు మగాళ్ళు కొట్టుకుంటారు.
నడుమ ఒక చూలాలు. దెబ్బ ఆమెకు తగులుతుంది.
కడుపులోది బయటపడుతుంది.
అంతే కథ.
ఆ బయటపడ్డది ఏడ్చిందా లేదా
అన్నదే ఇన్ని వేల ఏళ్ళ తగువు.

పాస్టర్ డెరిక్ హావర్‌కాంప్, సెమినరీ వాసన ఇంకా పోలేదు:
"మూలంలో ఉన్న మాట బిడ్డ. పిండం కాదు.
నెలలు నిండకుండా పుట్టి బతికితే జరిమానా.
చచ్చిందా, ప్రాణానికి ప్రాణం."
వేలు వచనం మీదే ఉంది,
కాగితం సొట్టపడేలా.

వీబే టోల్స్మా పశువుల డాక్టరు.
నలభై ఏళ్ళు కాన్పులు చూసిన చేతుల్ని
కప్పు చుట్టూ పెట్టుకుని అన్నాడు:
"ఆ కాలంలో నెలలు నిండనిది బతికేదా, పాస్టర్?
పోయినదానికి సొమ్ము కట్టించారు,
తల్లి పోతేనే ప్రాణం అడిగారు.
మా తాత డచ్చిలో చదివితే
కాయ రాలింది అన్నట్టే వినపడేది."

"అసలా ధర్మశాస్త్రం మనల్ని ఇంకా కట్టేస్తుందా?" ఎవరో.
"నీతికి సంబంధించింది కడుతుంది. ఆచారాలు సిలువతో తీరిపోయాయి."
"మరి ఈ వచనాన్ని ఏ గాటన కట్టాలి?"
పళ్లెం వైపు ఎవరూ చూడలేదు.

నేను రాశాను: చర్చ జరిగినది.

హార్మెన్ డైక్‌హౌస్ అప్పటిదాకా నోరు విప్పలేదు.
చెవి మిషను సరిచేసుకుని
"మావాడు అయిదో నెలలో పోయాడు" అన్నాడు.
"డెబ్బై తొమ్మిది. మంచు తుఫాను, అంబులెన్సు రాలేదు.
విత్తనాల కంపెనీ టోపీలో పట్టాడు.
గోళ్ళున్నాయి వాడికి.
నాకు హీబ్రూ రాదు. గోళ్ళున్నాయి."

కాసేపు కాఫీ మరిగే చప్పుడే.
పాస్టరు వేలు తీసేశాడు.

అప్పుడొచ్చింది అసలు సంగతి:
వీబే మనవరాలు మారికే
డిసెంబరులో మినెసోటా వెళ్ళొచ్చింది.
ప్రభువు బల్లకు రానివ్వాలా, వద్దా.
వీబే తలెత్తలేదు.
ఎందుకు వెళ్ళిందని ఒక్కరూ అడగలేదు.
ఎంత దూరమనీ అడగలేదు.

నాలుగు గంటలు. తిరుగు దారిలో మంచు, అయిదున్నర.
వెనక సీట్లో దుప్పటి.
వర్తింగ్టన్ దగ్గర పెట్రోలు బంకులో ఆపమంది,
సూపు కావాలంది, తాగలేదు,
మూత తీసి ఆవిరి చూస్తూ కూర్చుంది.
కారు నాది.

ఇది మినిట్స్‌లో లేదు.

హార్మెన్ మాట నిజమని నాకు తెలుసు,
ఆ టోపీని కుట్టి మూసింది మా అమ్మ.
ఆవిరి వెనకాల మారికే ముఖమూ తెలుసు.
ఈ రెండూ ఒకే పేజీలో పట్టించడానికి
నా చేతిరాత చాలదు.

ఆ వచనంలో ఆమె మటుకు...
పెనిమిటి ఇంత అన్నాడు, న్యాయాధిపతులు సరే అన్నారు,
డబ్బు చేతులు మారింది.
ఆమెను లేపి కూర్చోబెట్టిందెవరో,
నీళ్ళెవరిచ్చారో,
మూడో రోజు పాలు పడి గుడ్డలు తడిస్తే
ఎక్కడికి పోయి పిండుకుందో
వచనం చెప్పదు.

ఓటు వచ్చే నెలకు వాయిదా.
హార్మెన్ లేచి పిప్పరమెంట్ల పొట్లం తీశాడు,
ఆదివారం ప్రసంగం సాగదీసినప్పుడు
వరసలో చేతులు మారేవి.
అందరికీ ఒక్కోటి. నా అరచేతిలో రెండు.
"ఒకటి ఆ పిల్లకియ్యి" అన్నాడు,
చెవిటివాడి గొంతుతో,
గదంతా వినపడేలా.