వంటింటి టైమరు

పాప పేరు దలాల్.
మొదట్లో ఆ పేరు పెట్టి పిలవాలంటే నాకు నోరు రాలే.
మా రాయచోటి దిక్కు దలాలంటే
వీసాకని నా దగ్గర తొంభై వేలు తీసుకోని
సగం మింగి, సగం ఆఫీసులో కట్టినోడు.
ఈడ దలాలంటే గారాబమంట.
పాపే చెప్పె, దానికి పదేండ్లప్పుడు,
నేను ఎర్రగడ్డలు తరుగుతాంటే.

ఇప్పుడు పదిహేడు.
జాబ్రియా ఇంట్లో, వంటింటి బల్ల మీద
రెండు పుస్తకాలు పరిచె.
ఎర్రదొకటి, నీలందొకటి.
యా దేశం కాలేజో ఇంకా తేల్చుకోలే,
ముందు వీటిల్లో ఒకటి తేల్చుకోవాలంట.
ఎర్రది యాక్టంట. నీలంది శాటంట.
చాటా? అంటి.
ఏందది అనె.
ఈడ చాట యాడుంది?
పళ్ళెంలో బియ్యం పోసి చెరిగి చూపిస్తి,
పొట్టు ఒకపక్క, గింజ ఒకపక్క.
పాప నవ్వి నవ్వి, ఆనక నవ్వు ఆపి,
అచ్చం అదే, అనె.

వాళ్ళ మేనత్త ఫోన్లో ఎర్రది రాయమంటాది,
దాంట్లో సైన్సుంది గదా అని.
లెక్కల ఈజిప్టు సారు నీలందంటాడు,
ఆయన దగ్గర నోట్సు దానికే ఉండాయి.
అన్న రెండూ రాయమంటాడు,
దుడ్లు వాళ్ళ నాయనవి గదా.
నన్నెవరూ అడగలే.
నేను టైమరు పట్టుకుంటి.

మజ్‌బూసుకు కోడి ఉడికేటప్పుడు తిప్పే టైమరది.
టమాటా ఆకారం, ఒకపక్క సొట్ట.
శుక్రవారం ఎర్రది, శనివారం నీలంది.
తిప్పి వదిలితే కిరకిరమంటాంటాది,
నేను శనగలు ఏరుకుంటా చూస్తాంటా.

ఇంగ్లీషు అక్షరాలు నాకు చీమలబారు.
మోకాలు మాత్రం చదవొస్తాది.
ఎర్రది రాసేటప్పుడు బల్ల కింద మోకాలు
కుట్టుమిషన్ మాదిరి ఆడతాది.
దాంట్లో ప్రశ్నలు శానా, ఊపిరి కొంచెం.
టైమరు మోగకముందే పాప పెదవి తెల్లబడతాది.
నీలందాంట్లో మెలికలెక్కువంట, అయినా
పెన్సిలు చెవిలో దోపుకోని
కిటికీలోకి చూసి,
ఎవరో తెలిసినోళ్ళు కనపడినట్టు నవ్వుకోని రాస్తాది.
నాలుగు వారాలు చూస్తి.
నాలుగు వారాలూ అంతే.

మార్కులు చూస్తే రెండిట్లో అటూ ఇటూ ఒకటేనంట.
అదే దాని దిగులు.
ఒక రాత్రి అడిగె,
"మస్తానా, నీ పరీక్ష ఎట్లుండె?"

నాదా?
మద్రాసులో, ఈడికి వచ్చేముందు,
చల్లటి రేకుకు ఎదురొమ్ము ఆనించి నిలబెట్టిరి.
ఊపిరి బిగబట్టు, వదలొద్దు,
అనె అద్దం అవతల ఒక గొంతు.
ఒకటే ప్రశ్న.
రెండో పుస్తకం లేదు.
లోపల యాడన్నా చిన్న మచ్చుంటే ఇంటికే.
మా చిన్నక్క కొండమ్మ అట్లే తిరిగొచ్చె.
దలాలు దుడ్లు వాపసియ్యలే.

పాప శానాసేపు ఏం మాట్లాడలే.
ఎర్ర పుస్తకం అంచు గోటితో గీకి గీకి,
"యాది రాయాల చెప్పు" అనె.
"నీలంది."
"ఎందుకు?"
"దాంట్లో నీ మోకాలు ఆడదు."
వంగి బల్ల కింద చూసుకునె,
ఆ కాలు ఎవరిదో అన్నట్టు.

పరీక్షనాడు హవల్లీలో, స్కూలు ముందర, కారు ఆపె లింబాద్రి.
ఫోను లోపలికి తీసుకుపోనీరని
నా ఒళ్ళో పడేసి పాప పరుగెత్తె.
నా సంచిలో టమాటా టైమరుండె.
ఎందుకు తెచ్చుకుంటినో.
రెండు గంటలా పద్నాలుగు నిమిషాలంట,
దీంట్లో పట్టేది ఒక గంటే.
తిప్పితి. మోగె.
ఇంకోతూరి తిప్పితి.
బయట ఎండకు రోడ్డు నీళ్ళ మాదిరి కదలతాంది.
లింబాద్రి అద్దంలోనుంచి చూసి
"ఏందక్కా, గట్ల బిగబట్టినవ్?
ఊపిరి తీస్కో" అనె.
ఇంకా పద్నాలుగు మిగిలుండె.