చిరివేరు పద్దు

నిజాంపట్నం రేవులో
మా నాన్న యోరిస్, వలందావాడు.
తానులు కొలిచేవాడు, చిరివేరు తూచేవాడు,
మూటలో తేమెంతో వేలితో నొక్కి చెప్పేవాడు.

అమ్మ నాంచారి, అద్దకం వాళ్ళ పిల్ల.
మోచేతుల దాకా
ఏ కుంకుడు రసానికీ లొంగని ఎరుపు.

పాద్రి నన్ను యాకొమినా అన్నాడట,
వీధి యాకమ్మ అంది.
రెంటికీ పలికాను.

జ్వరంలో ఆయన తన భాషలో ఏదో అడిగాడు.
మంచట.
అమ్మ మజ్జిగ తెచ్చింది.

తరవాత ఓడొచ్చి లెక్కల పుస్తకం పట్టుకుపోయింది.
ప్రతి మూటకీ పద్దుంది అందులో,
గిడ్డంగి పిల్లి పాలకి కూడా.
మాకు లేదు.

అయితే ఏడో పుట అంచున,
చదవడం రాకపోయినా అమ్మ తిప్పి చూసిన చోట,
ఒక బొటనవేలి ఎరుపు.
అక్కడెవరైనా గోకి చూస్తారేమో.
పోదది.