రెండు తక్కువ

మూడొందల పన్నెండు వరసలు, అంతే.
హెల్దుర్ దానికి జల్లెడ అని పేరు పెట్టాడు,
తన భాషలో, స్యొయెల్ అని.
తార్తు ఊళ్ళో చలికాలం తల పైకెత్తితే కనిపించే
కృత్తికలకీ అక్కడ అదే పేరు.
పగలంతా పాలకేంద్రంలో శీతలగదుల లెక్కలు చూస్తాడు,
రాత్రి, పిల్లి ఒళ్ళో పడుకుంటే, దీన్ని.

దాని పని చెప్పడం తేలికే.
ఫైలు పేరు సగం మర్చిపోతావు.
మర్చిపోయిన చోట నక్షత్రం గుర్తు పెడతావు.
నక్షత్రమంటే ఎంతైనా సరే, ఏమీ లేకపోయినా సరే.
ప్రశ్నార్థకమంటే కచ్చితంగా ఒక్క అక్షరం,
బియ్యం కొలిచే కోమటి చెయ్యిలా, పైన గింజ నిలవనివ్వదు.
రెండు నక్షత్రాలు పక్కపక్కన పెట్టావంటే
ఫోల్డర్లో ఫోల్డర్లో ఫోల్డర్లోకి
లాంతరు పట్టుకుని దిగిపోతుంది.
చుక్కతో మొదలయ్యే పేర్లని మాత్రం
పిలవందే ముట్టుకోదు.
దాక్కున్నవాళ్ళని దాక్కోనివ్వాలి,
అది పాతకాలపు మర్యాద.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది.
పాత గొంతులు దాచే భాండారం నుంచి, విర్వె అని ఒకావిడ:
"మీ జల్లెడకి రెండు తక్కువొస్తున్నాయి."
అరవై ఒకటిలో పల్లెలు తిరిగి
ముసలమ్మల నోట పట్టిన టేపులు, నలభై మూడు.
అన్నిటి పేర్లలోనూ ఒకే మాట, స్యొన.
ఆ మాటకి అర్థం 'మాట' అనే.
నా చెవికి మాత్రం మామిడికాయ తొడిమ దగ్గర
చురుక్కుమనే సొన. ఏం చెయ్యను.
ఆవిడ కొత్త ల్యాప్‌టాప్ మీటల్లో ఆ మధ్య అచ్చు లేదట,
బదులు ప్రశ్నార్థకం కొట్టింది.
నలభై ఒకటే వచ్చాయి.
"ఆ రెండు రీళ్ళ బూజు దులిపింది నా చేతులే."

హెల్దుర్ వెంటనే జవాబు రాశాడు:
"మీరే పేరు తప్పు కొట్టి ఉంటారు."
పంపేశాడు.
పంపాక, పళ్ళు తోముకుంటూ, అనుమానం.

ఓ అక్షరం, దాని నెత్తిన చిన్న అల.
కంటికి నలభై మూడింటిలోనూ ఒకేలా ఉంది.
బైట్లుగా విప్పి చూస్తే
నలభై ఒకదాంట్లో అల అక్షరంతో కలిసే పుట్టింది.
వేరే యంత్రం మీద ఎక్కించిన ఆ రెండింటిలో
ఓ ముందొచ్చింది,
అల వెనకొచ్చి నెత్తిన కూర్చుంది.
ప్రశ్నార్థకం రెండుగా లెక్కెట్టింది. కుదరదంది.

క నెత్తిన గుడి పెట్టి కి అని దిద్దినవాళ్ళకి
ఇందులో వింతేం లేదు.
నోటికి ఒకటి, యంత్రానికి రెండు.

దిద్దుబాటు ఏడు వరసలు.
ఏడింటికీ పదకొండు రాత్రులు.
ఎక్కడో లిస్బన్‌లో ఎవరో
ఆ పాత తప్పు మీదే ఇల్లు కట్టుకుని ఉంటే?
ఈ దారం లాగితే ఎవరి చొక్కా ఊడుతుందో?
లేచి నది దాకా నడిచి వచ్చేవాడు.
ఆ నది పేరులోనూ అదే అచ్చు, అదే అల.
నదిలో మాత్రం లేదు, గడ్డకట్టేసింది.

పన్నెండో రోజు విర్వె ఆ రెండూ తెరిచింది.
ఒకదాంట్లో బంగాళదుంపలు చెక్కుతున్న కత్తి,
నాలుగు నిమిషాలు.
"ఏదైనా చెప్పండమ్మా" అని మైకు పట్టుకున్న కుర్రాడు.
"నాకొచ్చినవన్నీ మా చెల్లెలు చెప్పేసిందిగా,
ఆ బకెట్ ఇటు జరుపు."
రెండోదాంట్లో ఎవరూ లేరు.
గాలి. తలుపు.

"నలభై మూడు" అని రాసి పంపింది ఆవిడ.
ఇంకేం రాయలేదు.

కొత్త కూర్పు, ఒకటి పాయింటు నాలుగు పాయింటు రెండు.
మార్పుల చిట్టాలో ఒకే వాక్యం:
అలతో వచ్చినా, అల తర్వాత వచ్చినా, ఇకనుంచి ఒకటే అక్షరం.

తను రాసిన ఆ మొదటి జవాబుని
హెల్దుర్ చెరపలేదు.
ఒక ఫైలులో పెట్టి
పేరుకి ముందు చుక్క పెట్టాడు.