కుబుసం కొలత

నా బల్ల మీదికి ప్యాంట్లు వస్తాయి,
జిప్పు పోయిన కోట్లు వస్తాయి,
పెళ్లికి ముందురోజు బిగుతైపోయిన గౌన్లు వస్తాయి.
ఆ సాయంత్రం దిండు గలీబులో పాము వచ్చింది.

బ్రనోలో ఆ రోజు మంచూ కాదు, వానా కాదు.
మూడో అంతస్తు రాదిమ్, పన్నెండేళ్లవాడు,
బురద బూట్లతోనే లోపలికొచ్చి
"మీరు అన్నీ బాగుచేస్తారుగా, ద్రహోమీరా గారూ" అన్నాడు.

నారింజ రంగు మొక్కజొన్న పాము. పేరు పెర్నీక్.
వీపు మీద, తోకకి జానెడు ఇవతల,
ఇస్త్రీపెట్టె మరిచిపోయిన పట్టుగుడ్డ మరక.
ఆ మరక నాకు తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లలో రెండుసార్లు చేశాను,
రెండుసార్లూ డబ్బు తిరిగిచ్చాను.

దీపం చుట్టూ ఉన్న తీగ బుట్ట వాడే తీశాడు,
ఫొటోలో నీడ పడుతోందని.
చలికి అది దీపాన్నే చుట్టుకుంది.
"కాలితే పక్కకి జరగాలి కదా?"
జరగదట. వెచ్చదనం తెలుస్తుంది గాని
ఎక్కడ చాలనుకోవాలో తెలీదట.
(అలాంటి మనుషులు నాకు తెలుసు.
పిల్లాడి ముందు ఆ మాట అనలేదు.)

సూదుల డబ్బా దాకా వెళ్లిన చెయ్యి వెనక్కొచ్చింది.

నాలుగో నంబరు ట్రామ్, నా కోటు లోపల పెర్నీక్.
ఎదుటి సీటాయన నా పొట్ట కదలడం చూసి
తర్వాతి స్టాపులో లేచి వెనక్కి వెళ్లాడు.
డాక్టర్ హెద్వికా కళ్లద్దాలు నెత్తికెత్తి చూసింది:
"పైపైనే కాలింది. బొబ్బ లేస్తే చిదమకండి.
చీము పట్టినా, ఎరుపు పాకినా
రేపు చూద్దామనుకోకండి."

తర్వాతి పనంతా నా వంటింట్లో.
అయోడిన్ మందు నీళ్లలో కలపాలి,
పాలు పోయని పలుచటి టీ రంగు వచ్చేదాకా.
రాదిమ్ గ్లాసు కిటికీకెత్తి, ఒక కన్ను మూసి, సరేననేవాడు.
దూది వద్దు, పోగు అంటుతుంది, అది నేను చెప్పాను.
అద్దాలి. రుద్దకూడదు.
మొద్దుబార్చే మందు కలవని లేపనం, గోటి చివర పట్టినంత.
పెట్టెలో రంపపు పొట్టు తీసేసి తెల్ల కాగితం పరిచాం.
రోజూ పాత కాగితాన్ని వెలుతురుకి పెట్టి
తడి మచ్చ ఉందేమోనని చదివేవాళ్లం.

వాడు గాజుకి నోరానించి రోజూ క్షమించమనేవాడు.
పాముకి చెవులుండవురా అన్నాను.
కళ్లతో వింటుందేమో అన్నాడు.

చేతులు కాలాక ఆకులంటారు.
పట్టుకోవాలి మరి, ఆకులైనా.
స్కేట్లు అమ్మి వాడు థర్మోస్టాట్ కొన్నాడు,
తీగ బుట్ట నాలుగు మరలతో బిగించాడు.
బతికున్న ఎలుక తిరగబడి కరుస్తుందని
గడ్డకట్టించినవే తెచ్చాడు. వాళ్లమ్మ ఒప్పుకోదు గనక
అవి నా ఫ్రీజర్లో, బఠాణీల వెనక.
మూత జాలికి రాసుకుని ముక్కు గీరుకోకుండా
అంచు పొడుగునా ఉన్ని పట్టీ కుట్టాను.
మొత్తం వైద్యంలో నా కుట్టు అదొక్కటే.

పదహారో రోజు
ఎవరూ పోయకుండానే దాని కళ్లలో పాలు నిండాయి.
గుడ్డిదైపోయిందని వాడు మెట్లన్నీ దూకుతూ వచ్చాడు.
కుబుసం రా, పిచ్చివాడా.
తడి నాచు డబ్బా లోపల పెట్టి, ముట్టుకోకుండా కూర్చున్నాం.

వారానికి వచ్చింది, లోపలిది బయటికి తిరిగిన మేజోడులా.
మరక దగ్గర మాత్రం చిరిగి, ఒక ముక్క అంటుకుంది.
లాగలేదు. తడి తువ్వాలులో నడవనిచ్చాం,
మూడో మడతలో అదే వదిలింది.

టేపు తీశాను.
కుబుసం నూట ముప్పై ఒక్క సెంటీమీటర్లు. పాము నూట ఎనిమిది.
తప్పు కొలిచారన్నాడు.
నేను కొలత తప్పనురా, విప్పేటప్పుడు సాగింది.

కాలిన చోట పొలుసులు వరస తప్పి ఉన్నాయి,
పని నేర్చుకునే పిల్ల చేసిన రఫూలా.
ఇంకో రెండు మూడు కుబుసాలు పట్టొచ్చంది డాక్టర్.

కొట్టు రసీదు ఒకటి చించి రాశాను:
పేరు, పెర్నీక్. పని, చర్మం.
తిరిగిచ్చే తేదీ దగ్గర
పెన్ను మూత పెట్టేశాను.