పుట్టిన తేదీ

"పిరంద తేది?" అన్నాడు కిటికీ అవతలి గుమాస్తా,
తల ఎత్తకుండా.
మరణ ధ్రువపత్రానికి కూడా
ముందు పుట్టుకే కావాలి.

నా చేతిలో పదిహేడో నంబరు టోకెను.
ఆధార్ కార్డు మీద అవ్వ
ఎవరినో కోప్పడబోతూ ఆగినట్టుంది.
ఒకటి, ఆరు, పంతొమ్మిది వందల ముప్ఫై మూడు, అన్నాను.

అది అబద్ధమని అవ్వే చెప్పింది.
వాళ్ళ పంతులుగారు తరగతి మొత్తాన్నీ
జూన్ ఒకటిన కనేశారట,
భోజనానికి పొద్దుపోతోందని.

అందుకే కాబోలు
చూళై తెలుగు బడిలో తాయారు టీచరు
అడ్మిషన్ల పుస్తకం ముందు కూర్చుంటే
ఒక్కో బిడ్డకీ అరగంట పట్టేది.
తేదీ తెలీదమ్మా అని తల్లి నసిగితే
పోనీ, అప్పుడేం పూసింది? అనేది.
కానుగ పూలు ఊడుస్తుంటే నొప్పులొచ్చాయన్నామెకి
ఏప్రిల్ ఇరవై.
వేపపళ్ళు తొక్కి జారిపడ్డానన్నామెకి
జూన్ ఆఖరు.
మా సందులో చెట్టెక్కడిది టీచరమ్మా,
మురుగ్గాలవా, మిల్లు గోడా తప్ప, అందట ఒకామె.
ఆలోచించు.
చాలాసేపు ఆలోచించి,
తూనీగలు, అందట. తలకాయ ఎత్తున, సందు నిండా.
అవ్వ పెన్ను మూత తీసింది.
వాన ఇంకా పడలేదు కదూ?
పడలేదు.
అయితే అక్టోబరు ఎనిమిది.

ఇంట్లో మా పుట్టినరోజులు మాత్రం
అంకెల్లో గుర్తుండేవి కావు ఆవిడకి.
రేల పూసిన వారం నీది, అనేది నాతో.
ఆ ఏడు రేల ఆలస్యమైతే
నా పాయసమూ ఆలస్యమే.
ఏడిచాను ఒకసారి.
వెళ్ళి చెట్టుని అడుగు, అంది. అంతే.
ముద్దులాడే అవ్వ కాదు.
కళ్ళు మూయించి
ముక్కు కింద ఆకు నలిపేది.
వావిలిని జామ అన్నానో,
ఇంకో ఆకు.

రిటైరయ్యాక చేతిసంచీలో
కళ్ళజోడు పక్కన మేకులు పీకే సుత్తి.
కీల్పాక్ నుంచి పురశవాక్కం దాకా
చెట్లకి దిగ్గొట్టిన బోర్డులు,
ట్యూషన్లు, మొలల వైద్యం, అద్దెకి గదులు,
ఊడబెరుక్కుంటూ నడిచేది.
పోలీసు ఆపితే
మేకు వదిలిన కన్నంలో అతని వేలు పెట్టించి
తడి చూపించింది.
మూడు హార్లిక్సు సీసాల మేకులు
ఇప్పటికీ బియ్యం డబ్బా వెనకే ఉన్నాయి.

తుపానుకి వీధిలో చెట్లన్నీ పడుకున్న ఏడాది,
ఎనభై దాటిన మనిషి
ఒక్కోదాని దగ్గరా ఆగి పేరు పెట్టి పిలిచింది,
హాజరు వేస్తున్నట్టు.
జవాబు కోసం ఆగింది కూడా.
నాకు సిగ్గేసింది,
ఎదురింటివాళ్ళు చూస్తున్నారని.

మొన్న అవ్వని దించి పడుకోబెట్టాక
ఒక ముసలాయన వచ్చాడు,
విల్లివాక్కంలో లేతు మిషను మీద పనిచేసి మానేశాడట.
ఎవరని అడిగితే
పేరు చెప్పలేదు.
అక్టోబరు ఎనిమిది, అన్నాడు.
కాళ్ళ దగ్గర కాసేపు నిలబడి
గొడుగు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

గుమాస్తా ఒకటి, ఆరు కొట్టేశాడు.
వేపపూత అని చెప్పాల్సింది.
మంత్రసాని కొంగులో పూత ఉందట,
అవ్వకి తన గురించి తెలిసింది అంతే.
బయట కూర్చోండి, మళ్ళీ పిలుస్తాం, అన్నాడు.

బయట, కార్పొరేషను ఆవరణలో, ఒక బాదం చెట్టు.
దాని ఒంటి మీద
ముప్ఫై రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీషు.
సుత్తి లేదు నా దగ్గర.
ఇంటి తాళంచెవి మేకు తల కింద దూర్చాను.
బెరడు లేచింది, చెవి వంగింది,
మేకు కదల్లేదు.

పదినేళు, పదినేళు, అని లోపల్నించి కేక.
ఇంకాస్త వంచాను.